పుటం పెట్టిన లోహం

ఒకపక్క బైసన్ల మంద. మరోపక్క మనిషి ఎత్తును దాటి పెరిగే గడ్డి. వాటి మధ్య రేకుల షెడ్లు. అందులో ఒకదానిలో ఓ కొలిమి. రెండు నిమిషాలపాటు అందులోకి వదిలిన కాసింత నైట్రోజన్, ప్రపంచంలోని కణ యాక్సిలరేటర్ల కరెంటు లెక్కల్నే మార్చేసింది. అమెరికాలోని ఫెర్మీల్యాబ్ ముచ్చట ఇది.

షికాగో నుంచి పడమరగా కారులో ఓ గంట ప్రయాణం. ఆకాశాన్నంటే భవనాలు వెనకబడిపోతాయి. బల్లపరుపు నేల మొదలవుతుంది. నేపర్‌విల్, అరోరా... ఈ పేర్లు తెలుగువాళ్లకు కొత్తేం కాదు. ఇక్కడ మనవాళ్ల ఇళ్లు చాలానే ఉన్నాయి. అరోరాలో బాలాజీ ఆలయ గోపురం దూరం నుంచే పలకరిస్తుంది. దర్శనం చేసుకుని అటునుంచి కాస్త ముందుకెళ్తే బటేవియా. ఆ ఊరి అంచునే ఉంది ఫెర్మీ జాతీయ యాక్సిలరేటర్ ప్రయోగశాల. అందరూ ముద్దుగా పిలుచుకునే పేరు ఫెర్మీల్యాబ్.

పైన్ స్ట్రీట్ వైపు నుంచి వెళ్తే రోడ్డుకు అడ్డంగా మూడు ఉక్కు కమానులు కలిసిన ఓ పెద్ద శిల్పం స్వాగతం చెబుతుంది. ఎటునుంచి చూసినా వంకరగానే అనిపిస్తుంది. సరిగ్గా దాని కిందకు వచ్చి తలెత్తి చూస్తే మాత్రం మూడు కాళ్లూ సమానంగా ఒదిగిపోతాయి. ‘బ్రోకెన్ సిమెట్రీ’ దాని పేరు. దాన్ని దాటితే ఎదురుగా పదహారు అంతస్తుల విల్సన్ హాల్. రెండు చేతులు జోడించి నమస్కరిస్తున్నట్టు ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బోవే కెథడ్రల్ స్ఫూర్తితో కట్టారు దాన్ని.

ఊరు పోయి ల్యాబ్ వచ్చింది

ఇంత పెద్ద స్థలం ఎక్కడిది? మొత్తం 6,800 ఎకరాలు. ఒకప్పుడు ఇవన్నీ రైతుల పొలాలు. మధ్యలో వెస్టన్ అనే చిన్న ఊరు ఉండేది. 1966 డిసెంబరులో కొత్త యాక్సిలరేటర్ కోసం ఈ చోటును ఎంపిక చేశారు. ప్రాజెక్టు వస్తే ఊరు బాగుపడుతుందని వెస్టన్ జనం సంబరపడ్డారు. కానీ ప్రాజెక్టు వచ్చింది, ఊరే పోయింది. ఇల్లినాయీ రాష్ట్ర ప్రభుత్వం పొలాలు కొని కేంద్రానికి అప్పగించింది. రైతు కుటుంబాలు తట్టా బుట్టా సర్దుకున్నాయి. వెస్టన్ ఇళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. దేశదేశాల నుంచి వచ్చే శాస్త్రవేత్తలకు అవే బస. పాతకాలపు చిన్న శ్మశానం కూడా ప్రయోగశాల ఆవరణలో అలాగే ఉంది.

మొదటి డైరెక్టర్ రాబర్ట్ విల్సన్‌కు ఈ సంగతి మనసులో ఉందేమో... స్థలాన్ని కాంక్రీటుతో నింపెయ్యలేదు. ఆయన పశువుల మధ్య పెరిగిన వయోమింగ్ మనిషి. 1969లో ఓ మగ బైసన్‌నీ నాలుగు ఆడ బైసన్లనూ తెచ్చి ఇక్కడ వదిలాడు. ఒకప్పుడు ఈ మైదానాల్లో తిరిగిన జంతువులే అవి. ఇప్పుడున్న మందకు అదే మొదలు. ఏటా వసంతంలో దూడలు పుడతాయి. వాటిని చూడ్డానికి చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు వస్తారు. రేడియేషన్ వస్తే ముందుగా కనిపెట్టడానికే బైసన్లను పెంచుతున్నారని ఓ పుకారు చాలాకాలం తిరిగింది. అందులో నిజం లేదు.

విల్సన్ భౌతిక శాస్త్రవేత్తే కాదు, శిల్పి కూడా. గేటు దగ్గరి కమానులు ఆయన చేసినవే. విల్సన్ హాల్ ముందున్న కొలనులో 32 అడుగుల ఉక్కు స్తంభం ఒకటుంది. దాన్ని తన చేతుల్తోనే వెల్డింగ్ చెయ్యాలనుకున్నాడు. యూనియన్ సభ్యులే వెల్డింగ్ చెయ్యాలన్నది అక్కడి నియమం. దాంతో పెద్దాయన వెల్డర్ల యూనియన్‌లో చేరి, శిష్యరికం చేసి మరీ పని పూర్తిచేశాడు! 1969లో అమెరికా కాంగ్రెస్ సంయుక్త కమిటీ ముందు ఆయనకో ప్రశ్న ఎదురైంది. ఈ యంత్రం దేశ రక్షణకు ఎలా పనికొస్తుందని. రక్షణతో దీనికి నేరుగా సంబంధం లేదనీ, కాపాడుకోదగ్గ దేశంగా నిలబెట్టడానికి మాత్రం పనికొస్తుందనీ ఆయనిచ్చిన జవాబును ఇప్పటికీ చెప్పుకుంటారు.

గొట్టాలు తుడిచిన ఫెలీషియా

యాక్సిలరేటర్ అంటే కణాలను వేగంగా పరుగెత్తించే యంత్రం. కణాలు ప్రయాణించే గొట్టంలో గాలి ఉండకూడదు, నలుసు ఉండకూడదు. 1971లో ఇక్కడ పొడవాటి గొట్టాల్లో పడిన చెత్త తియ్యడానికి ఓ చిత్రమైన ఉపాయం పన్నారు. ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే చిన్న జంతువును తెచ్చారు. ఫెలీషియా దాని పేరు. మెడ పట్టీకి దారం కట్టి గొట్టంలోకి వదిలితే ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తేది. ఆ దారానికి గుడ్డ కట్టి లాగితే గొట్టం శుభ్రం. తర్వాత ఆ పనికి యంత్రాలొచ్చాయి. ఫెలీషియా పేరు మాత్రం ప్రయోగశాల చరిత్రలో నిలిచిపోయింది.

ఆ తర్వాతి కాలంలో ఇక్కడ నడిచిన 6.3 కిలోమీటర్ల టెవట్రాన్ ప్రపంచంలోనే అత్యంత శక్తిమంతమైన యాక్సిలరేటర్‌గా ఏళ్ల తరబడి వెలిగింది. 1995లో టాప్ క్వార్క్ దొరికింది ఇక్కడే. 2011 సెప్టెంబరు 30న దాన్ని ఆపేశారు. అప్పటికే జెనీవాలో అంతకన్నా పెద్ద యంత్రం నడుస్తోంది. మరి ఫెర్మీల్యాబ్ గతేం కాను? ఈ ప్రశ్న చాలామందిని వేధించింది. దానికి దొరికిన జవాబుల్లో ఒకటి షెడ్డులోని కొలిమి.

తొమ్మిది గుమ్మడికాయల దండ

కొలిమిలోకి వెళ్లే వస్తువు పేరు క్యావిటీ. తొమ్మిది చిన్న గుమ్మడికాయల్ని వరసగా గుచ్చినట్టు ఉంటుంది. పొడవు సుమారు మీటరు. మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేని నియోబియం రేకుల్ని గిన్నెల్లా వంచి, శూన్యంలో ఎలక్ట్రాన్ కిరణాలతో అతికి దీన్ని చేస్తారు. లోపల మైక్రోవేవ్ తరంగాలు సెకనుకు 130 కోట్ల సార్లు అటూ ఇటూ ఊగుతుంటాయి. సరైన క్షణంలో వచ్చిన కణాన్ని ముందుకు తోస్తాయి. ఉయ్యాల వెనక నిలబడి అదను చూసి ఊపే చెయ్యిలా అన్నమాట.

నియోబియమే ఎందుకు? మైనస్ 264 డిగ్రీల దగ్గర అది అతివాహకంగా మారుతుంది. అంటే కరెంటుకు ఇంచుమించు అడ్డు చెప్పదు. ఒకే మూలకంతో ఉన్న లోహాల్లో మామూలు పీడనంలో ఇంత ‘ఎక్కువ’ ఉష్ణోగ్రత దగ్గరే అతివాహకమయ్యేది ఇదే. ప్రపంచానికి కావాల్సిన నియోబియంలో అత్యధిక భాగం బ్రెజిల్ గనుల నుంచి వస్తుంది. గ్రీకు పురాణాల్లో బిడ్డల్ని పోగొట్టుకుని ఏడ్చి ఏడ్చి రాయైపోయిన తల్లి నయోబీ పేరే దీనికి పెట్టారు.

క్యావిటీలను ద్రవ హీలియంలో ముంచి మైనస్ 271 డిగ్రీలకు చల్లబరుస్తారు. అప్పుడు దాని నాణ్యతను ‘క్యూ’ అనే అంకెతో కొలుస్తారు. గంట కొడితే ఎంతసేపు మోగుతుందో చెప్పే అంకె లాంటిది ఇది. రాగి క్యావిటీకి అది వేలల్లో ఉంటుంది. మంచి నియోబియం క్యావిటీకి 3,000 కోట్ల దాకా వెళ్తుంది. సెకనుకోసారి ఊగే ఉయ్యాలకు ఆ క్యూ ఉందనుకోండి... ఒక్కసారి ఊపి వదిలేస్తే, దాని శక్తి మూడో వంతుకు తగ్గడానికి 150 ఏళ్లు పడుతుంది!

ఈ అంకెను ఎందుకంత పట్టించుకోవాలంటే, అంత చలిలో పుట్టే ఒక్క వాటు వేడిని బయటకు తోడడానికి బయట సుమారు వెయ్యి వాట్ల కరెంటు ఖర్చవుతుంది కాబట్టి. క్యూ రెండింతలైతే ఆ వేడి సగమవుతుంది. దాంతోపాటే శీతల యంత్రాల భారమూ తగ్గుతుంది.

లోహంలో దాక్కున్న దొంగ

క్యావిటీ లోపలి గోడను అద్దంలా మెరిపించడానికి ఆమ్లాలతో నునుపు చేస్తారు. ఆ పనిలోనే హైడ్రోజన్ గుట్టుచప్పుడు కాకుండా నియోబియంలోకి దూరిపోతుంది. గది వేడిలో దాని వల్ల ఇబ్బందేం లేదు. నెమ్మదిగా చల్లబరిచేటప్పుడు మాత్రం అసలు రంగు బయటపడుతుంది. హైడ్రోజన్ అంతా ఒకచోట చేరి హైడ్రైడ్ మచ్చలుగా గడ్డకడుతుంది. క్యూ ఒక్కసారిగా పడిపోతుంది. ఈ జబ్బుకు ‘క్యూ డిసీజ్’ అనే పేరే పెట్టారు.

మందు ఏమిటంటే, పుటం. బంగారాన్ని పుటం పెట్టి మలినాలు పోగొట్టినట్టే నియోబియాన్నీ కాలుస్తారు. కాకపోతే ఇక్కడ బొగ్గులూ తిత్తులూ ఉండవు. కొలిమి లోపల గాలి చొరబడని శూన్యం. వేడెక్కిన నియోబియం ఆక్సిజన్ దొరికితే చాలు, ఆవురావురుమంటూ మింగేస్తుంది. అందుకే శూన్యంలోనే కాల్చాలి. క్యావిటీ మూతులకు నియోబియం రేకులతోనే టోపీలు తొడుగుతారు, కొలిమి గోడల నుంచి లేచే మలినం లోపలికి పోకుండా. వేడిని 800 డిగ్రీలకు పెంచి, కొన్ని గంటలు అలాగే ఉంచుతారు. లోహం ఎర్రగా కాలుతుంటే హైడ్రోజన్ బయటికొస్తుంది. ఏ వాయువు ఎంత వస్తోందో చూపించే పరికరం మీద హైడ్రోజన్ గీత పైకి లేచి, మెల్లగా కిందికి దిగుతుంది. దిగిందంటే దొంగ ఇల్లు ఖాళీ చేసినట్టే.

సన్నసెగతో చేసే వైద్యమూ ఉంది. 120 డిగ్రీల దగ్గర రెండు రోజులపాటు ఉంచితే, బలమైన విద్యుత్ క్షేత్రంలోనూ క్యావిటీ తడబడదని 1990ల చివర్లో ఫ్రాన్స్‌లోని సాక్లే ప్రయోగశాల గమనించింది. వంటింట్లో ఇడ్లీ పొంగే వేడికి కాస్త ఎక్కువ, అంతే!

తప్పులోంచి పుట్టిన ఒప్పు

ఇటలీలోని సిసిలీ నుంచి వచ్చిన యువ శాస్త్రవేత్త అన్నా గ్రాసెల్లీనో ఫెర్మీల్యాబ్‌లో చేరేనాటికి ఇదీ పరిస్థితి. ఆమె, సహచరుడు అలెగ్జాండర్ రొమనెంకో, మరికొందరు కలిసి కొత్త ఆలోచన చేశారు. కొలిమిలోకి నైట్రోజన్ వదిలితే నియోబియం మీద నియోబియం నైట్రైడ్ పూత ఏర్పడుతుంది. అది ఇంకా ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గరే అతివాహకమవుతుంది. కాబట్టి క్యావిటీ మరింత బాగా పనిచెయ్యాలి.

చెయ్యలేదు. ఫలితం ఘోరంగా వచ్చింది. క్యూ మామూలుకన్నా ఎన్నో రెట్లు పడిపోయింది. అక్కడితో ఆ క్యావిటీని పక్కన పారేసి ఉంటే కథ ముగిసేది. వాళ్లు పారెయ్యలేదు. పాడైన పైపొరను కొన్ని మైక్రాన్ల మేర గీకేసి మళ్లీ చల్లబరిచి చూశారు. ఈసారి అంకెలు చూసి ఆశ్చర్యపోవడం వాళ్ల వంతైంది. క్యూ మామూలు కన్నా రెండు మూడు రెట్లు పెరిగింది! అంతేకాదు, క్షేత్రం పెంచే కొద్దీ తగ్గాల్సిన క్యూ, కొంత దూరం పెరుగుతూ పోయింది. 2013లో ఈ సంగతి లోకానికి చెప్పారు.

ఏం జరిగిందంటే, పైపూత పోయినా దాని అడుగున కాసిని నైట్రోజన్ అణువులు లోహంలో ఇంకిపోయి ఉన్నాయి. అవి హైడ్రోజన్‌ను ఎక్కడికక్కడ పట్టి ఉంచుతాయి. గుంపు కట్టనివ్వవు. మైక్రోవేవ్‌లు గోడలోకి చొరబడేది మీటరులో కోటో వంతు లోతు లోపే. తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ పల్చటి పొర బాగుంటే చాలు, క్యావిటీ మొత్తం బాగున్నట్టే.

నమ్మాలా... వద్దా?

సరిగ్గా అప్పుడే కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాల ఎల్‌సీఎల్ఎస్-2 అనే భారీ ఎక్స్‌రే లేజర్‌ను తలపెట్టింది. దాదాపు 280 నియోబియం క్యావిటీలు కావాలి. ఏళ్ల తరబడి నమ్మిన పాత వంటకంతో వెళ్లాలా? కళ్లు తెరిచి ఏడాదైనా కాని కొత్త వంటకంతో వెళ్లాలా? పందెం చిన్నది కాదు. కొత్త పద్ధతి గెలిస్తే కరెంటు ఆదా. ఓడితే... యంత్రాన్ని నడపడానికి శీతల యంత్రాలు చాలవు.

ఫెర్మీల్యాబ్‌తో పాటు వర్జీనియాలోని జెఫర్సన్ ల్యాబ్, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నెల్ విశ్వవిద్యాలయం విడివిడిగా కాల్చి చూశాయి. చివరికి ఒక కొలత కుదిరింది. 800 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు నైట్రోజన్, అదీ మామూలు గాలి పీడనంలో 30 వేలో వంతు. తర్వాత ఆరు నిమిషాలు ఉత్త శూన్యంలో వేడి. చల్లారాక ఐదు మైక్రాన్ల పైపొర తీసెయ్యడం. అమ్మమ్మ చెప్పిన పోపు కొలతలా ఉన్నా, ఒక్క నిమిషం తేడా వచ్చినా ఫలితం మారిపోతుంది.

కుదిరిందనుకునే సరికి మరో చిక్కు. కొన్ని నియోబియం రేకులతో చేసిన క్యావిటీలు చల్లబడేటప్పుడు, చుట్టూ మిగిలిన భూ అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టకుండా తమలోనే బంధించేస్తున్నాయి. బందీ అయిన ఆ కాస్త క్షేత్రమే వేడి పుట్టించి, నైట్రోజన్‌తో వచ్చిన లాభాన్ని తినేస్తోంది. మళ్లీ కొలిమే దిక్కయింది. వేడిని 800 నుంచి 900 డిగ్రీలకు, కొన్ని రేకులకు అంతకన్నా ఎక్కువకు పెంచారు. అలా చేస్తే లోహంలోని రేణువులు పెద్దవై, క్షేత్రాన్ని సులువుగా వదిలేస్తాయి. మరీ కాలిస్తే లోహం మెత్తబడి ఆకారం చెడే ప్రమాదం ఉంది. అందుకే ఏ రేకుకు ఎంత వేడి అన్నది చూసి చూసి తేల్చారు.

2022లో ఆ యంత్రాన్ని మైనస్ 271 డిగ్రీలకు చల్లబరిచారు. 2023 సెప్టెంబరులో తొలి ఎక్స్‌రేలు వచ్చాయి. పాత యంత్రం సెకనుకు 120 మెరుపులు ఇచ్చేది. కొత్తదాన్ని సెకనుకు పది లక్షల మెరుపుల కోసం కట్టారు. నియోబియం క్యావిటీలను అంతలా మెరుగుపరిచినందుకు గ్రాసెల్లీనోకు 2023 న్యూ హొరైజన్స్ పురస్కారం దక్కింది. వంటకాలు అక్కడితో ఆగలేదు. 300 డిగ్రీల చుట్టుపక్కల కాల్చినా క్యూ బాగా పెరుగుతోందని 2020 ప్రాంతంలో ఫెర్మీల్యాబ్ చూపించింది. జపాన్, చైనా ప్రయోగశాలలు ఆ బాటను ఇంకా సులువు చేశాయి.

మనవాళ్ల వాటా

ఫెర్మీల్యాబ్ ఆవరణలో ఇప్పుడు పిప్-2 అనే కొత్త యాక్సిలరేటర్ రూపుదిద్దుకుంటోంది. దాదాపు 215 మీటర్ల పొడవు. ఇక్కడ పుట్టించే న్యూట్రినోలను నేల అడుగు నుంచే 1,300 కిలోమీటర్ల దూరంలోని సౌత్ డకోటా గని దాకా పంపే ప్రయోగానికి ఇదే ఊపిరి. 2019 మార్చిలో దీనికి భూమిపూజ జరిగింది. అమెరికా నేల మీద కడుతున్నా ఇందులో చాలా దేశాల చెయ్యి ఉంది. మనదీ ఉంది. 2018లో రెండు దేశాల అణుశక్తి, ఇంధన శాఖల మధ్య ఒప్పందం కుదిరింది. ముంబయిలోని బార్క్, ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం, కోల్‌కతా, దిల్లీ ప్రయోగశాలలు ఇందులో భాగస్వాములు. నియోబియాన్ని వంచడం, అతకడం, నునుపు చెయ్యడం, శూన్యపు కొలిమిలో కాల్చడం, చల్లబరిచి పరీక్షించడం... ఈ విద్యలన్నీ ఇండోర్ నేర్చుకుంది. దిల్లీలోని అంతర విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రం తన సొంత యంత్రానికి నియోబియం క్యావిటీలను తనే తయారుచేసుకుంది.

హైదరాబాద్‌కూ ఈ లోహం పరాయిదేం కాదు. 1971లో మొదలైన అణు ఇంధన సముదాయం ఎన్ఎఫ్‌సీ, అణు కర్మాగారాల ఇంధనంతో పాటు నియోబియం, టాంటలం లాంటి అరుదైన లోహాల మీదా పనిచేస్తూ వస్తోంది.

గడ్డికీ నిప్పే మందు

కొలిమి దగ్గరికి సందర్శకులను రానివ్వరు. క్యావిటీలు కూర్చే గదిలోకి వెళ్లాలంటే ఒళ్లంతా తెల్లటి బట్టలు తొడుక్కోవాలి, కళ్లు మాత్రమే కనిపించాలి. అక్కడ ఒక్క నలుసు కూడా శత్రువే. బయట చూడ్డానికి మాత్రం బోలెడుంది. గుర్తింపు కార్డు దగ్గరుంచుకుని, ఆ రోజు ఏయే చోట్లకు అనుమతి ఉందో ముందే తెలుసుకుని వెళ్తే చాలు. పిల్లల కోసం లెడర్‌మాన్ సైన్స్ సెంటర్ ఉంది.

తప్పక చూడాల్సింది గడ్డి. అదేంటి, గడ్డిని చూడ్డమా అనుకోవద్దు. ఒకప్పుడు ఇల్లినాయీ అంతా పరుచుకున్న ప్రెయిరీ గడ్డి, నాగళ్లు వచ్చాక దాదాపు మాయమైపోయింది. 1975లో రాబర్ట్ బెట్జ్ అనే ప్రొఫెసర్, యాక్సిలరేటర్ వలయం మధ్య ఖాళీగా ఉన్న నేలలో దాన్ని మళ్లీ నాటడం మొదలుపెట్టారు. పాత శ్మశానాల్లో, రైలు పట్టాల పక్కన మిగిలిన మొక్కల నుంచి స్వచ్ఛంద సేవకులు విత్తనాలు ఏరి తెచ్చారు. ఇప్పుడది వందల ఎకరాలకు విస్తరించింది. బ్లూస్టెమ్ అనే రకం ఎనిమిది అడుగుల దాకా పెరుగుతుంది.

దాని ఆరోగ్య రహస్యం ఏమిటో తెలుసా? నిప్పు. చలికాలం ముందో వెనకో, గాలి వాలు చూసుకుని, సిబ్బంది కావాలనే గడ్డికి మంట పెడతారు. పరాయి కలుపు కాలిపోతుంది. లోతుకు దిగిన ప్రెయిరీ వేళ్లకు మాత్రం ఏమీ కాదు. కొన్ని రోజులు నేలంతా నల్లగా, బావురుమంటూ కనిపిస్తుంది. తెలియనివాళ్లు అయ్యో అనుకుంటారు.

వసంతం వచ్చేసరికి ఆ మసి కిందనుంచే పచ్చటి మొలకలు లేస్తాయి. కాస్త దూరంలో, కంచె అవతల, అప్పుడే పుట్టిన గోధుమరంగు బైసన్ దూడ తల్లి పక్కన తడబడుతూ నిలబడుతుంది. ఇంకాస్త అవతల రేకుల షెడ్డులో మరో క్యావిటీ కొలిమిలోకి వెళ్తుంటుంది.